చెవి, కన్ను, వేలు: తెలుగు నిఘంటు చరిత్రలో జ్ఞానరీతులు

వ్యాససంగ్రహం

మనిషి తెలుసుకొనే తీరును ఇంద్రియాలు, మెదడు, సాధనాలు కలిసి తీర్చిదిద్దుతాయి. ఈ విషయాన్ని తెలుగు నిఘంటువుల చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కంఠస్థం చేయడానికి రచించిన పద్యనిఘంటువు, పుట తిప్పి చూడడానికి కూర్చిన అకారాది నిఘంటువు, తెరమీద వెతికే ఎలక్ట్రానిక్ నిఘంటువు అనే మూడు రూపాలు మూడు రకాల అభ్యాసాలను కోరాయి. ప్రతి రూపమూ పదాల మధ్య ఉన్న కొన్ని సంబంధాలను వెలికితీసి, మరికొన్నింటిని మరుగుపరచింది. ఆ లాభనష్టాలను ఇక్కడ చర్చించడం జరిగింది.

కీలకపదాలు: నిఘంటువు, ధారణ, అకారాదిక్రమం, ప్రత్యక్షం, వ్యవహారం, పఠనం, యూనికోడ్.

ఉపోద్ఘాతం

తెలియని మాటకు అర్థం ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు తెలుగునాట కాలాన్ని బట్టి సమాధానం మారుతూ వచ్చింది. వీధిబడిలో చదువుకొన్నవాడు ఒకప్పుడు తనకు నోటికి వచ్చిన పద్యాన్ని నెమరువేసుకొనేవాడు. అచ్చుపుస్తకం వచ్చాక పాఠకుడు నిఘంటువు పుటలు తిప్పాడు. నేటి విద్యార్థి ఫోనులో నాలుగు అక్షరాలు కొట్టి చూస్తున్నాడు. ముగ్గురూ చేరేది ఒకే అర్థానికి కావచ్చు. అయితే దాన్ని చేరే దారిలో వారు వాడిన ఇంద్రియం వేరు, జ్ఞాపకానికి పెట్టిన పని వేరు, ఆ మాట పక్కన వారికి కనిపించిన ఇతర మాటలు వేరు.

నిఘంటువును సాధారణంగా పదాలను భద్రపరచే ఖజానాగా భావిస్తారు. ఖజానా రూపం మారినా అందులోని ధనం మారదన్నది ఈ భావన వెనుక ఉన్న నమ్మకం. తెలుగు నిఘంటు చరిత్ర ఈ నమ్మకాన్ని సమర్థించదు.

1. పదజ్ఞానానికి ఎనిమిది దారులు

పదానికి ఫలానా అర్థమని ఎలా తెలుస్తుందన్న విషయాన్ని భారతీయ శాస్త్రకారులు లోతుగా చర్చించారు. ఈ జ్ఞానానికి ‘శక్తిగ్రహం’ అని పేరు. వ్యాకరణం, ఉపమానం, కోశం, ఆప్తవాక్యం, వ్యవహారం, వాక్యశేషం, వివరణం, ప్రసిద్ధపద సాన్నిధ్యం అని దీనికి ఎనిమిది సాధనాలను నైయాయికులు పేర్కొన్నారు. ఈ ఎనిమిదింటిలో కోశం, అంటే నిఘంటువు, ఒకటి మాత్రమే.

వీటిలో వ్యవహారానికి వారు ఇచ్చిన స్థానం గమనించదగినది. ఒక పెద్దవాడు మరొకరితో ‘ఆవును తే’ అంటాడు. రెండోవాడు ఆవును తెస్తాడు. పక్కనున్న పసివాడు మాట వింటాడు, పని చూస్తాడు. తర్వాత ‘ఆవును కట్టు’, ‘గుర్రాన్ని తే’ అన్న మాటలు విని, ఏ మాట మారితే ఏ పని మారిందో పోల్చుకొంటాడు. అప్పుడు ‘ఆవు’ అన్న మాటకూ ఎదుట ఉన్న జంతువుకూ సంబంధం అతనికి బోధపడుతుంది. ఇందులో చెవి ఉంది, కన్ను ఉంది, అనుమానప్రమాణం ఉంది, సమాజం ఉంది. పుస్తకం మాత్రం లేదు.

ఈ దృష్టితో చూస్తే నిఘంటువు చరిత్ర అంటే ఎనిమిది దారుల్లో ఒక దారి క్రమంగా రాజమార్గంగా మారిన చరిత్ర. మిగిలిన దారుల్లో జనసంచారం ఎంత తగ్గిందన్నది ఆ చరిత్రలో భాగంగానే అడగవలసిన ప్రశ్న.

2. చెవి కోసం కట్టిన కోశం

సంస్కృతంలో అమరసింహుని ‘నామలింగానుశాసనం’ అమరకోశంగా ప్రసిద్ధం. మూడు కాండల్లో, సుమారు 1500 శ్లోకాల్లో ఉన్న ఈ గ్రంథాన్ని తరతరాల విద్యార్థులు వల్లెవేశారు. ఆ మార్గంలోనే తెలుగులో పద్యనిఘంటువులు వెలువడ్డాయి. పైడిపాటి లక్ష్మణకవి ‘ఆంధ్రనామసంగ్రహం’, దానికి అనుబంధం వంటి అడిదం సూరకవి ‘ఆంధ్రనామశేషం’, కస్తూరి రంగకవి ‘సాంబనిఘంటువు’ వీటిలో పేరెన్నికగన్నవి.

ఈ గ్రంథాల్లో పదాల కూర్పు అర్థాన్ని అనుసరించి ఉంటుంది. ఆంధ్రనామసంగ్రహం దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థ వర్గులుగా సాగుతుంది. ఒక వస్తువుకు ఉన్న పర్యాయపదాలన్నీ ఒకే పద్యంలోనో పద్యభాగంలోనో చేరతాయి. చంద్రుని పేర్లు ఒకచోట, చెట్ల పేర్లు మరొకచోట వస్తాయి. కాబట్టి ఒక మాటను గుర్తు తెచ్చుకొంటే దాని బంధువర్గమంతా వెంట వస్తుంది. కవికి కావలసింది కూడా అదే. గణానికి సరిపడే మాట, యతికి కుదిరే మాట వెంటనే నాలుకమీదికి రావాలి.

పద్యం ఇక్కడ అలంకారంగా కాక జ్ఞాపకయంత్రంగా పనిచేసింది. పాదం తొలి అక్షరం తెలిస్తే యతిస్థానంలోని ధ్వని ఏ కుటుంబానికి చెందాలో తెలుస్తుంది. ప్రాసనియమం ఉన్న పద్యంలో ప్రతి పాదంలోని రెండో అక్షరం కూడా ముందే నిర్ణయమై ఉంటుంది. మరచిపోయిన మాటను వెతుక్కొనే పరిధి దీనితో చిన్నదవుతుంది. లేఖకుడు పొరపాటున ఒక పర్యాయపదం స్థానంలో ఇంకొకటి రాస్తే గణమో యతియో భంగమై ఆ తప్పు చెవికి పట్టుబడుతుంది. పదాల మధ్య ఖాళీ లేకుండా, పాదవిభజన చూపకుండా తాటాకుపై రాసే అలవాటు ఉన్న కాలంలో ఈ నియమాలు చదువరికి దారిచూపాయి. తాటాకు కన్నులకు చూపనిదాన్ని ఛందస్సు చెవులకు వినిపించింది.

ఈ పద్ధతికి పరిమితులూ ఉన్నాయి. పద్యనిఘంటువుల్లో చోటు దొరికింది ప్రధానంగా కావ్యోపయోగం ఉన్న మాటలకే. గురువు ఎదుట కూర్చొని వల్లెవేసే అవకాశం ఉన్నవారికే ఈ జ్ఞానం దక్కింది. ఆ అవకాశం కులాన్ని బట్టి, స్త్రీపురుష భేదాన్ని బట్టి చాలామందికి అందలేదు. పైగా కంఠస్థం చేయడం, అర్థం తెలియడం ఒకటి కావు. బళ్లారి కలెక్టరుగా ఉన్న ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో దేశీయ పాఠశాలలపై సమర్పించిన నివేదికలో, పిల్లలు వాడుకభాషకు దూరమైన పద్యాలను అర్థం తెలియకుండానే అప్పజెబుతున్నారని విమర్శించాడు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడాన్ని కూడా ఆ నివేదిక ప్రస్తావించింది.

3. ధారణ, మెదడు

కంఠస్థ విద్యను గతకాలపు అలవాటుగా కొట్టివేయడానికి వీలులేదని ఇటీవలి నాడీశాస్త్రం సూచిస్తున్నది. జేమ్స్ హార్ట్‌సెల్, ఆయన సహపరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, బాల్యం నుంచి వేదాన్ని వల్లెవేసిన 21 మంది పండితుల మెదడు చిత్రాలను అదే సంఖ్యలో ఇతరుల చిత్రాలతో పోల్చారు. భాషకు, జ్ఞాపకానికి, దృష్టికి సంబంధించిన ప్రాంతాల్లో పండితుల మెదడు నిర్మాణంలో స్పష్టమైన భేదాలు కనిపించాయి. ఇది రెండు వర్గాల మధ్య పోలిక మాత్రమే. భేదానికి కారణం అభ్యాసమేనని ఒక్క పోలికతో తేల్చలేం. అయినా ఏండ్ల తరబడి సాగే ధారణాభ్యాసానికీ మెదడు నిర్మాణానికీ సంబంధం ఉందనే భావనకు ఇది బలం చేకూర్చింది.

పద్యనిఘంటువు విషయంలో దీని నుంచి గ్రహించవలసిన అంశం ఒకటుంది. అమరం నోటికి వచ్చిన పండితుడికి కోశం బయట ఉన్న వస్తువు కాదు. అది అతని దేహంలో భాగం. దాన్ని ఎవరూ అతని చేతినుంచి లాక్కోలేరు. అతనితోపాటే అది గతించిపోతుంది కూడా.

4. అకారాదిక్రమం: కంటికి అప్పగించిన పని

19వ శతాబ్ది ఆరంభంలో మచిలీపట్నానికి చెందిన మామిడి వెంకయ్య ‘ఆంధ్రదీపిక’ను అకారాదిక్రమంలో కూర్చాడు. ఆ తర్వాత పైన పేర్కొన్న క్యాంప్‌బెల్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1821లో మద్రాసులో అచ్చయింది. పద్యాల వల్లెవేతను విమర్శించినవాడే అకారాది నిఘంటువును కూర్చినవాడు కావడం గమనార్హం. భాషను బయటినుంచి నేర్చుకొనే ఉద్యోగికి వందల పద్యాలు నోటికి పట్టే సమయం లేదు. అతనికి కావలసింది అవసరమైనప్పుడు తెరచి, చూసి, మూసివేయగల పుస్తకం.

సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. పండితుల సాయంతో తాళపత్రప్రతులను సేకరించి, పాఠాలను పోల్చి చూసిన అనుభవం దాని వెనుక ఉంది. కావ్యపదాలతోపాటు వాడుకమాటలకూ బ్రౌన్ చోటిచ్చాడు. 1854లో మిశ్రభాషాపదాలకు, అన్యదేశ్యాలకు ప్రత్యేక నిఘంటువును ప్రకటించాడు. 1885లో బహుజనపల్లి సీతారామాచార్యుల ‘శబ్దరత్నాకరం’ వచ్చింది. పిఠాపురం మహారాజు పోషణతో, జయంతి రామయ్య పంతులు ఆధ్వర్యంలో ప్రారంభమైన ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’ తొలి సంపుటం 1936లో వెలువడింది.

అకారాదిక్రమం తెచ్చిన మేలు పెద్దది. గురువు లేనివాడికి, వల్లెవేసే తీరిక లేనివాడికి మాటల తలుపు తెరుచుకొంది. ఎవరి అనుమతీ అక్కరలేకుండా అర్థం తెలుసుకొనే వీలు కలిగింది. దానితోపాటు అర్థబంధం తెగిపోయింది. పద్యనిఘంటువులో ఒకే పాదంలో ఉన్న పర్యాయపదాలు అకారాదిలో వందల పుటల దూరానికి చెదిరిపోయాయి. అర్థంలో ఏ పొత్తూ లేని మాటలు తొలి అక్షరం కలిసినందువల్ల పక్కపక్కన చేరాయి.

అంతేకాదు, వెతకడానికి ముందే పాఠకుడికి కొంత తెలిసి ఉండాలి. కావ్యంలో ‘అతడు వాడె’ అని ఉన్నచోట, గసడదవాదేశం తెలియనివాడు ‘వ’ కింద వెతికి ‘వాడిపోయె’ అన్న అర్థాన్ని చేరుకొంటాడు. అక్కడ ఉన్నది ‘పాడె’ అని తెలిసినవాడే ‘ప’ కింద చూడగలడు. అకారాది నిఘంటువు వ్యాకరణజ్ఞానాన్ని తొలగించలేదు. దాన్ని పాఠకుడు ముందుగా చెల్లించవలసిన ప్రవేశరుసుముగా మార్చింది.

కంటికీ చెవికీ మధ్య ఎడం కూడా పెరిగింది. ‘అరుగు’ అంటే వెళ్లడం, ‘అఱుగు’ అంటే జీర్ణం కావడం. ‘ఏడు’ సంఖ్య, ‘ఏఁడు’ సంవత్సరం. నేటి ఉచ్చారణలో ఈ జంటల మధ్య భేదం వినిపించదు. నిఘంటువు వాటిని వేరువేరు స్థానాల్లో ఉంచుతుంది. చెవి మరచిపోయిన భేదాన్ని అచ్చుపుట కన్నులకోసం నిలిపి ఉంచింది. ఈ రకమైన పదజ్ఞానం పూర్తిగా చూపుకు చెందినది.

5. చదివే కన్ను

చదవడం సహజంగా వచ్చే శక్తి కాదు. మాట్లాడే మనిషి చరిత్రతో పోలిస్తే రాత వయసు చాలా తక్కువ. మెదడులో చదువుకోసం పుట్టుకతో ఏర్పడిన భాగం ఉండే అవకాశం లేదు. 1892లో ఫ్రెంచి వైద్యుడు జూల్ దెజెరీన్ ఒక రోగిని గురించి నివేదించాడు. ఆ వ్యక్తి మాట్లాడగలడు, రాయగలడు. తాను రాసినదాన్ని కూడా చదవలేడు. అయితే అక్షరం రూపురేఖల వెంట చేతిని కదిలించినప్పుడు దాన్ని గుర్తించగలిగేవాడు. చదివే కన్నుకు మెదడులో ఒక ప్రత్యేక మార్గం ఏర్పడుతుందని, చేతి జ్ఞాపకానికి మార్గం వేరని ఈ ఉదంతం తెలిపింది. ఇసుకలో వేలితో దిద్దించిన వీధిబడి పద్ధతి ఏ శాస్త్రమూ చెప్పకముందే ఈ రెండో మార్గాన్ని వాడుకొంది.

స్టానిస్లాస్ దెహేన్ ప్రతిపాదన ప్రకారం వస్తువులను, ముఖాలను గుర్తించే దృశ్యప్రాంతాల్లో కొంత భాగం చదువు నేర్చినప్పుడు అక్షరాల పనికి మళ్లుతుంది. తెలుగు లిపికి సంబంధించి నేరుగా ఉపకరించే ఆధారం బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ నుంచి వచ్చింది. అక్కడి పరిశోధకులు ఆకాశ్ అగ్రవాల్, కె.వి.ఎస్. హరి, ఎస్.పి. అరుణ్ తెలుగు మాత్రమే చదవగలవారినీ, మలయాళం మాత్రమే చదవగలవారినీ రెండు లిపులతోనూ పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. తమకు వచ్చిన లిపిలో వారు ఒక్కో అక్షరాన్ని మరింత స్పష్టంగా వేరుచేసి చూడగలిగారు. రెండక్షరాలు పక్కపక్కన ఉన్నప్పుడు ఒకదాని రూపం మరొకదానికి అడ్డుతగలడం కూడా తగ్గింది. ఈ తేడాకూ చదివే వేగానికీ సంబంధం కనిపించింది.

దీన్నిబట్టి ఒకే అక్షరాల జంట చదువరికీ, ఆ లిపి రానివాడికీ ఒకే విధంగా కనిపించదని తేలుతున్నది. ప్రత్యక్షప్రమాణం కూడా అభ్యాసంతో మారుతుంది. అకారాది నిఘంటువు ఈ శిక్షణ పొందిన కన్నును నమ్ముకొని రూపొందింది. ఆ శిక్షణ అందనివారికి అది మూసిన తలుపే.

6. పుస్తకంలోకి రాని మాటలు

సూర్యరాయాంధ్ర నిఘంటువు గ్రాంథికపదాలకు ప్రాధాన్యమిచ్చి, జనవ్యవహారంలోని మాటలను వదిలివేసిందని వ్యావహారికభాషావాదులు విమర్శించారు. ఈ లోటును తీర్చే దిశలో పెద్ద అడుగు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన ‘మాండలిక వృత్తిపదకోశం’. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి.

ఈ కోశానికి ఆధారం గ్రంథాలు కావు, మనుషులు. పరిశోధకులు ఊళ్లకు వెళ్లి, పని చేసేవారిని అడిగి, వారు పలికినది విని రాసుకొన్నారు. నాగలికి చెందిన మేడి, కర్రు, నొగ, కాడి వంటి మాటలు, మగ్గానికి చెందిన పడుగు, పేక, నాడె వంటి మాటలు వాటిని వాడే చేతులకు ముందు తెలుసు, పుస్తకానికి తర్వాత తెలిశాయి. నైయాయికులు చెప్పిన వృద్ధవ్యవహారాన్ని ఆధునిక భాషాశాస్త్రం క్షేత్రపర్యటన రూపంలో మళ్లీ చేపట్టింది. ఒకే వస్తువుకు ప్రాంతాన్ని బట్టి ఉన్న వేరువేరు పేర్లను ఒకచోట చేర్చడం వల్ల, అకారాది చెదరగొట్టిన అర్థబంధం కొంతవరకు తిరిగి ఏర్పడింది.

ఈ పనికి కాలపరిమితి ఉంది. ట్రాక్టరు వచ్చిన పొలంలో మేడి పట్టే చేయి ఉండదు. చేయి లేనిచోట మాట వ్యవహారం నుంచి తొలగుతుంది. వ్యవహారం నుంచి తొలగిన మాటను కోశం ఒక్కటే నిలుపుతుంది. అప్పటికి కోశంలో చేరని మాటకు ఏ దారీ మిగలదు.

7. తెరమీది శోధన గడి

తెలుగు అక్షరాలకు 1991లో యూనికోడ్ తొలి కూర్పులోనే స్థానం లభించింది. నేడు బ్రౌన్ నిఘంటువు మొదలుకొని అనేక కోశాలను ఒకేసారి వెతికే వీలు అంతర్జాలంలో ఉంది. పుటలు తిప్పే శ్రమ పోయింది. అకారాదిక్రమం తెలియకపోయినా పని జరుగుతుంది.

ఇక్కడ తెలుసుకొనే కన్నుకూ వెతికే యంత్రానికీ మధ్య మరో ఎడం ఏర్పడింది. తెలుగు చదువరికి ‘జ్ఞా’ ఒక్క అక్షరం. యంత్రానికి అది జకారం, పొల్లు, ఞకారం, దీర్ఘగుర్తు అనే సంకేతాల వరుస. మధ్యలో కంటికి కనిపించని విడదీత సంకేతం కూడా ఉండవచ్చు. 2018 ఫిబ్రవరిలో ఇటువంటి సంకేతం చేరిన ‘జ్ఞా’ తెరమీదికి వచ్చినప్పుడు యాపిల్ సంస్థ ఫోన్లలో అనువర్తనాలు కుప్పకూలాయి. ఆ నెలలోనే సంస్థ సవరణ విడుదల చేసింది. జ్ఞానమన్న మాటకు తొలి అక్షరమే యంత్రానికి మింగుడుపడకపోవడం యాదృచ్ఛికం. ఒక లిపి చదువరి చూపులో ఒకటిగా ఉన్నది యంత్రంలో ముక్కలుగా ఉంటుందన్న వాస్తవం మాత్రం యాదృచ్ఛికం కాదు. ఒకేలా కనిపించే రెండు మాటలు లోపలి సంకేతాలు వేరైనందువల్ల శోధనలో కలవకపోవడం నేటికీ జరుగుతుంది.

శోధన గడి అడిగినదే చూపుతుంది. పుట తిప్పేవాడికి పై మాట, కింది మాట కంటపడతాయి. పద్యం చదివేవాడికి పర్యాయపదాలు వినబడతాయి. శోధకుడికి ఆ ఇరుగుపొరుగు లేదు. మాట వర్ణక్రమం తెలియకపోతే ఆ ప్రవేశం కూడా లేదు. వస్తువు ఎదుట ఉండి పేరు తెలియనివాడికి ఈ గడిలో ఏం రాయాలో తోచదు.

జ్ఞాపకశక్తిపై దీని ప్రభావం గురించి తొందరపడి తీర్పు చెప్పరాదు. సమాచారం యంత్రంలో దొరుకుతుందని తెలిసినప్పుడు మనుషులు విషయం కన్నా అది దొరికే చోటును గుర్తుంచుకొంటారని బెట్సీ స్పారో బృందం 2011లో ప్రకటించింది. ఆ అధ్యయనంలోని ఒక ప్రయోగాన్ని ఇతరులు తిరిగి చేసి 2018లో ఫలితం ప్రకటించినప్పుడు మునుపటి ఫలితం రాలేదు. యంత్రాలు జ్ఞాపకాన్ని హరిస్తున్నాయని గాని, వాటి వల్ల నష్టమేమీ లేదని గాని తేల్చిచెప్పే దశ ఇంకా రాలేదు.

ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని అంశాలు స్పష్టమవుతున్నాయి. నిఘంటువు ఏ కాలంలోనూ కేవలం ఖజానా కాలేదు. పద్యనిఘంటువు చెవికీ ధారణకూ పనిచెప్పి, అర్థాల పొత్తును కాపాడి, తన వాకిలిని కొందరికే పరిమితం చేసింది. అకారాది నిఘంటువు ఆ వాకిలిని విశాలం చేసి, చదివే కన్నును ఆశ్రయించి, అర్థాల పొత్తును వదులుకొంది. ఎలక్ట్రానిక్ నిఘంటువు వేగాన్ని ఇచ్చి, ఇరుగుపొరుగును తీసివేసింది. వృత్తిపదకోశం పని చేసే చేతిలోని జ్ఞానాన్ని గ్రంథంలోకి తెచ్చింది.

ఒక రూపం వెనుకబడినప్పుడు దానితోపాటు ఒక అభ్యాసం కూడా వెనుకబడుతుంది. ఆంధ్రనామసంగ్రహం అచ్చులోనూ తెరమీదా దొరుకుతున్నది. దాన్ని యతిప్రాసల ఆసరాతో నోటికి తెచ్చుకొనే అభ్యాసం మాత్రం అరుదైపోయింది. గ్రంథం మిగలడాన్ని జ్ఞానరీతి మిగలడంగా భావించడం సరికాదు.

అయితే ఈ రూపాలను మళ్లీ కలపడానికి నేటి సాంకేతికతే అవకాశమిస్తున్నది. పర్యాయపదాలను అర్థబంధంతో కూర్చే వర్డ్‌నెట్ పద్ధతిలో భారతీయ భాషలకు రూపొందుతున్న ఇండోవర్డ్‌నెట్‌లో తెలుగు కూడా ఉంది. కూర్పు విషయంలో ఇది అకారాది కన్నా అమరానికి దగ్గర. దీనికి ఉచ్చారణ ధ్వనులు, సంధిమార్పులను గుర్తించే శోధన, వృత్తిపనుల దృశ్యాలు తోడైతే పేరు తెలియనివాడు కూడా మాటను చేరుకోగలడు. అటువంటి కోశాన్ని నిర్మించే పనిలో సాంకేతిక నిపుణులతోపాటు ఛందస్సు తెలిసినవారికీ, మగ్గం ముందు కూర్చొనేవారికీ స్థానం ఉండాలి. వృత్తులతోపాటు మాటలు వేగంగా తొలగిపోతున్నందున ఆ నిర్మాణాన్ని వాయిదావేయడానికి వీలులేదు.